ఫ్లాపీలో జగ్రూతా

తహానీ ఫ్లాపీ అంచున చాకుమొన దూర్చి, వేరుశనగ కాయ ఒలిచినంత నెమ్మదిగా దాన్ని రెండుగా విడదీసింది. లోపలి గోధుమరంగు గుండ్రటి పలక మీద బూజు మచ్చలు మచ్చలుగా పట్టి ఉంది. అలెగ్జాండ్రియా సముద్రపు తేమ దేన్నీ వదలదు. జారిన కళ్లద్దాలను మణికట్టుతో పైకి తోసుకుని, స్పిరిటులో ముంచిన దూదితో ఆమె తుడవసాగింది. లావుపాటి చేతులు, ఉబ్బిన కీళ్లు. అయినా వాటి బరువు పలక మీద పడడం లేదు.

బల్లకు అవతల పెళ్లికూతురు రీహామ్ జుట్టుకు చుట్టిన రోలర్లతోనే నిలబడి ఉంది. పక్క కుర్చీలో ఆమె అమ్మమ్మ నఈమా, మెడకు పూల రుమాలు చుట్టుకుని కూర్చుంది. గొంతు ఆపరేషనయ్యాక ఆమెకు మాట పోయింది. ఒకప్పుడు ఆ పేటలో ఏ పెళ్లయినా నఈమా నాలుక ఆడిస్తూ జగ్రూతా అనే సంబరపు కూత తీస్తేనే మొదలయ్యేది. కువైట్ నుంచి కంప్యూటరు తెచ్చిన రీహామ్ మేనమామ సరదాకి ఆ కూతను రికార్డు చేసి ఫ్లాపీలో దాచాడు. పెళ్లి ఈ సాయంత్రమే.

"మా అత్తగారి చెల్లెలు ఏమందో తెలుసా అబ్లా?" అంది రీహామ్. అక్కను పిలిచినట్టు తహానీని పేటంతా అబ్లా అనే పిలుస్తుంది. "మీ ఇంట్లో కూత తీసే ఆడదే లేదుగా, మేమే తెచ్చుకుంటాంలే అంది. అమ్మమ్మ మొహం మీదే."

నఈమా ఈగను తోలినట్టు చెయ్యి విసిరింది. కానీ ఆమె కళ్లు ఫ్లాపీ మీంచి కదలలేదు.

"ఆశ పెట్టుకోకు తల్లీ," అంది తహానీ. "బూజు లోపలికి తినేసి ఉంటే నేను చెయ్యగలిగిందేమీ లేదు."

పత్తి కంపెనీలో చేరిన కొత్తలో తహానీ పని కంప్యూటరు చదివే అట్టముక్కలకు చిల్లులు పొడవడం. లెక్కలన్నీ ఆ చిల్లుల్లోనే ఉండేవి. వాటి పొట్టు జుట్టులో ఇరుక్కుంటే తల్లి కూర్చోబెట్టుకుని పేలు ఏరినట్టు ఏరేది. తర్వాత పళ్లేలంత టేపు చక్రాలు వచ్చాయి, ఫ్లాపీలొచ్చాయి, సీడీలొచ్చాయి. కొత్తది వచ్చిన ప్రతిసారీ ఇక నీ పని అయిపోయిందన్నారు. ప్రతిసారీ ఆమె ఆ కొత్తదాని ముందు కుర్చీ లాక్కుని కూర్చుంది. కంపెనీ మూతపడ్డాక షాకిర్ కొట్లో చేరి, జనం ఫోటోలూ పాటలూ పాతవాటిలోంచి కొత్తవాటిలోకి ఎక్కిస్తూ వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. ఆమె కోసం తల్లి జగ్రూతా తీసింది ఒక్కసారే, ఉద్యోగం దొరికిన రోజున.

ఇవాళ కొట్లో ఆమెకు ఆఖరి రోజు. మోకాళ్లు మొరాయిస్తున్నాయనీ, రషీదు ఊళ్లో ఉన్న అక్క దగ్గరికి వెళ్లిపోతాననీ తనే చెప్పింది. షాకిర్ ఎంత బతిమాలినా వినలేదు.

తుడిచిన పలకను కొత్త డొప్పలో అమర్చి యంత్రంలోకి తోసింది. గిర్రుమని తిరిగి, టక్కుమని ఆగిపోయింది. బయటికి తీసి మళ్లీ తుడిచింది. మళ్లీ ఆగింది. రీహామ్ గోళ్లు కొరుక్కోవడం మొదలుపెట్టింది. తహానీ ఫ్లాపీని వదిలి యంత్రాన్నే విప్పి, చదివే ముల్లుకు అంటిన బూజును ఊపిరి బిగబట్టి తీసింది. పెదవుల్లోనే బిస్మిల్లా అనుకుని మళ్లీ తోసింది. ఈసారి చక్రం తడబడింది, నిదానించింది, కానీ ఆగలేదు.

స్పీకరులో ముందు గరగర, ఎవరిదో పసిబిడ్డ ఏడుపు. ఆ వెంటనే కూత లేచింది. సన్నగా మొదలై, పిట్టల గుంపు ఒక్కసారి ఎగిరినట్టు పైకిపోయి, కొట్టు అద్దాల్ని అదరగొట్టి, ఇక ఊపిరి చాలదనుకున్న చోట మరో మెట్టు ఎక్కింది.

నఈమా లేచి నిలబడింది. నోరు తెరిచి, అరచెయ్యి పెదవులకు అడ్డం పెట్టి, నాలుక ఆడించింది. శబ్దం స్పీకరుదే, కానీ గొంతు ఆమెదే. వీధిలో చేపలమ్మే ఆవిడ ఆ కూతకు బదులు కూత తీసింది. పైఅంతస్తు కిటికీలోంచి దర్జీ ఆవిడ అందుకుంది. కాసేపటికి వీధి వీధంతా మోగింది. తహానీ స్పిరిటు దూది చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తల్లి వేళ్లు తన జుట్టులో కదిలినట్టనిపించింది.

కూతను గోరంత మెమరీ కార్డులోకి ఎక్కించి ఇచ్చింది. నఈమా దాన్ని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, తన గొంతూ కార్డూ మార్చి మార్చి చూపించి, ఇంత గొంతు ఇందులో ఎలా పట్టిందని సైగ చేసింది. భుజాలు కుదుపుతూ నవ్వింది. ఆ తర్వాత తహానీ మణికట్టు పట్టుకుని గుమ్మం వైపు లాగింది.

"నువ్వు రాకపోతే పెళ్లి ఆపేస్తుందట," అంది రీహామ్.

తహానీ గల్లాపెట్టె దగ్గరున్న షాకిర్ వైపు చూసింది. "వెళ్లు అబ్లా, కొట్టెక్కడికీ పోదు," అన్నాడతను.

సాయంత్రం పెళ్లిపందిట్లో ఆ కూత మోగినప్పుడు, తీసినావిడ ఎవరా అని అత్తగారి చెల్లెలు నలువైపులా వెతికిందనీ, నఈమా బల్ల ఎక్కి నిలబడి నేనేనన్నట్టు రొమ్ము చరుచుకుందనీ షాకిర్‌కు మర్నాడు వీధంతా చెప్పింది. తహానీ తెల్లవారగానే రషీదు వెళ్లే బండి ఎక్కేసింది.

అతను కొట్టు తలుపు తీసి దీపం వేశాడు. కుర్చీలో ఆమె చేత్తో కుట్టుకున్న ఆకుపచ్చ దిండు ఉంది. మధ్యలో ఆమె కూర్చున్న గుంట అలాగే ఉంది.