బస్టాండు గొంతు

నేను ఒక మైకును. సికింద్రాబాదు సందులో ఒక చిన్న దుకాణంలో నన్ను తయారుచేసి, ఒక జిల్లా బస్టాండుకు అమ్మారు. అక్కడ మొదట ఒకాయన బస్సుల వేళలు చెబుతూ నాలోకి దగ్గేవాడు. తర్వాత ఒకామె సగం ఊళ్ల పేర్లు మింగేసేది. ఆ తర్వాత బిల్కీస్ వచ్చింది.

ఆమె ముత్తాతను నిజాం గుర్రపు దళం కోసం ఆఫ్రికా నుంచి తెచ్చారట. నల్లని ఒళ్లు, బిగుతైన ఉంగరాల జుట్టు ఆయన నుంచి వచ్చాయి. తెలుగు మాత్రం హైదరాబాదులో పక్కింటి పంతులమ్మ నేర్పింది. బిల్కీస్ "దేవరకొండ" అంటే, ఆ ఊరివాళ్లకు అప్పుడే ఇల్లు చేరినట్టుండేది.

ఆమెను చూడనివాళ్లు ఉత్తరాలు రాసేవారు. మీరు ఎవరింటి అమ్మాయి, సంగీతం నేర్చుకున్నారా అని. మేనేజరు నర్సింగరావు జవాబుల కింద ఆమెతో 'వాణి' అని సంతకం పెట్టించేవాడు.

"బిల్కీస్ అంటే జనం ఏందేందో అనుకుంటరమ్మా," అన్నాడు.

ఆమె సంతకం చేసేది. తర్వాత నన్ను ఆపేసి, నాలోకి మెల్లగా తన పేరు చెప్పుకొనేది. ఆపేసిన మైకుకు చెవులుండవని మనుషుల నమ్మకం.

ఒక మధ్యాహ్నం సాయవ్వ అనే ముసలామె సీతాఫలాల బుట్టతో మా గదికి వచ్చింది. కిందటి వారం తప్పు బస్సు ఎక్కబోతుంటే ఈ గొంతే ఆమెను ఆపిందట.

"వాణమ్మ ఏది బిడ్డా?"

"నేనే అవ్వా," అంది బిల్కీస్.

సాయవ్వ నవ్వింది. "నువ్వు గాదు. మన పిల్ల గావాలె."

బిల్కీస్ నా వైపు తిరిగింది. నన్ను ఆన్ చేసి, మిర్యాలగూడ బస్సు రెండో ప్లాట్‌ఫారం మీద ఉందని చెప్పింది. మళ్లీ నాలోకి వంగింది.

"చెప్పింది వాణి కాదు, బిల్కీస్. మన హైదరాబాదు పిల్లనే."

నర్సింగరావు ఉరికొచ్చాడు. "కొలువు వద్దా నీకు?"

సాయవ్వ అతన్ని పక్కకు జరిపి, బుట్ట కింద పెట్టింది. "ఏమన్నవు బిడ్డా? మల్లొక్కపారి చెప్పు."

"బిల్కీస్."

"బిలికేసు."

"బిల్... కీస్, అవ్వా."

నేను ఆన్‌లోనే ఉన్నాను. బస్టాండంతా వింటోంది. మూడోసారికి ముసలామె నోరు తిరిగింది.

నెల తిరక్కుండా రికార్డు చేసిన గొంతు వచ్చింది. బిల్కీస్‌ను ఇంకో డిపోకు పంపారు. ఏ డిపోకో నాకెవరూ చెప్పలేదు. నేనిప్పుడు స్టోరు గదిలో, చిరిగిన సీట్ల మధ్య ఉన్నాను. గోడకవతల ఆ యంత్రం అన్ని ఊళ్లనూ తప్పు లేకుండా పిలుస్తుంది. వింటాను, కానీ మనసు అక్కడుండదు. ఆ రోజు తన పేరు ఇంకొకరి నోట సరిగ్గా పలికాక, బిల్కీస్ నా మీద ఒక ఊపిరి వదిలింది. బస్టాండుకు వినపడనంత చిన్నది. దాని వెచ్చదనం ఇంకొక్కసారి తగిలితే చాలు.