తడిపిన గూడు

పొద్దున్నే కుట్టుమిషన్ ముందు కూర్చోకముందే దర్జీ ఆవిడ ఒక పని చేసేది. కిటికీ పక్కనున్న గాజుపెట్టె మూత తీసి లోపలి సాలెగూటి మీద నీళ్ళు చిలకరించేది. పెట్టెలో ఉండేది అరచేతంత టరాంటులా, ఒళ్ళంతా బొచ్చున్న సాలీడు. జ్వరమొచ్చి పోయిన కూతురు పెంచుకున్నది. పిల్ల పోయి నాలుగు నెలలు.

సాలెగూళ్ళు మాటలు పట్టుకుంటాయని తెలిసిందే కదా. పక్కింటి గూళ్ళలో ఎప్పుడు చూడు ఆ ఇంటాయన గురకే. ఈ పెట్టెలో మాత్రం పిల్ల గొంతుంది. తడిపితే బాగా వినిపిస్తుంది, ఆరితే సన్నగిల్లుతుంది. అందుకే తడపడం. కొత్త దారాల్లో తమ మాటలు కలిసిపోతాయేమోనని ఆవిడా, బస్సు డ్రైవరైన ఆవిడ భర్తా ఇంట్లో పెదవి విప్పేవాళ్ళు కాదు. పాపం, సైగలతోనే కాపురం.

ఆ తడే కొంప ముంచింది. సాలీడు తిండి మానేసి కాళ్ళు ముడుచుకుంది. దాన్ని అమ్మిన కొట్టాయన వచ్చి చూసి, ఆవిణ్ణి గుమ్మం బయటికి పిలిచాడు.

"అంత చెమ్మ దానికి పడదమ్మా. అడుగున కొబ్బరిపొట్టంతా కుళ్ళింది. పొట్టూ గూడూ మొత్తం తీసేసి పెట్టె కడగండి. లేకపోతే రెండ్రోజులు కూడా బతకదు."

"గూడు తీసేస్తే మా పిల్ల గొంతో?"

"తెగేటప్పుడు ఒక్కసారి వినిపిస్తుంది. అంతేనమ్మా."

ఆ పూట ఆవిడ అన్నం ముట్టలేదు. మర్నాడు సాలీడు మీద గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి భర్త చేతికిచ్చింది. పట్టకారుతో ఒక్కో పోగూ లాగింది.

"అమ్మా, దీని నీళ్ళు మార్చావా?"

ఒక తుమ్ము.

"ఇంకో ఐదు నిమిషాలు పడుకుంటానే."

వినిపించింది వినిపించినట్టే పోయింది. చివరికి నీళ్ళగిన్నె వెనక పాత పోగు ఒకటి మిగిలింది. అదీ లాగింది. అందులో పిల్ల సాలీడుతో చెబుతోంది.

"మా అమ్మకి నువ్వంటే వణుకు. అయినా నేను లేనప్పుడు నీ పెట్టె కడిగేది అమ్మేలే. బెంగపెట్టుకోకు."

ఆవిడ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తర్వాత పెట్టె వేడినీళ్ళతో కడిగి, తుడిచి, పొడి పొట్టు పరిచింది.

మూడోరోజుకి సాలీడు కాళ్ళు చాపింది. నాలుగోరోజు మూలన చిన్న గూడు అల్లింది. ఇద్దరూ చెవి పెట్టారు. ఏమీ వినిపించలేదు. ఆ ఇంట్లో ఎవరైనా మాట్లాడితే కదా.

డ్రైవరు గొంతు సవరించుకున్నాడు.

"మన పిల్ల పుట్టిన రోజు ఎంత వానో, గుర్తుందా నీకు?"

ఆవిడ కుర్చీ పెట్టె దగ్గరికి లాక్కుంది.

"చెప్పండి. మెల్లగా చెప్పండి, అది అల్లుకోవాలిగా."