పెద్దన్న జారిన గుట్ట

నోరు మూసుకోని కూసుంటె ఆ కొలువు నాదయ్యేది. కని మా ఇంట్ల పుట్టినోళ్లకు గది ఎన్నడు చేతగాలె.

ఆదివారం ఆదివారం కొత్తగూడల రేణుక రూముల మేం నలుగురం ఒక ఆట ఆడుతం. పాచికలేసుకుంట కత కట్టుకుంట పోయే ఆట. ఒకరు కత నడిపిస్తరు, మిగిలినోళ్లల్ల ఒకరు కత్తివీరుడు, ఒకరు మంత్రగత్తె. ఆట పేరు ‘ఏడుకోటల సీమ’. మాదాపూర్ల ఒక కంపెనీ తెచ్చింది. పుస్తకం నిండ రాజులు, రాక్షసులే గని ఒక్క పటం లేదు. ‘వాగు దాటితే గుట్టలు’ అని రాసిండ్రు. ఎన్ని గుట్టలో రాసినోనికే తెల్వదు. గందుకే పటం నేను గీసిన.

మాకొక కట్టుబాటున్నది. ఆటల ఎవరి మనిషి ఏడ సస్తే ఆ జాగకు ఆడినోళ్ల పేరు పెట్టాలె, ఎట్ల సచ్చిండో గది గూడ కలిపి. రేణుక మునిగిన వాగు. భ్రమరాంబను మింగిన బావి. మా అనంతపురం దోస్తు పెద్దన్నయితే, నిధి మూట ఇడువురా అని మేం మొత్తుకున్నా ఇడువకుంట కొండమీదికెల్లి జారిండు. పెద్దన్న జారిన గుట్ట! ఎంత నవ్వినమో. ఆ పటం ఇంటర్నెట్ల పెడితె, ఊరూర ఆడెటోళ్లు తమ సావులు పంపుడు మొదలువెట్టిండ్రు.

ఇంతల నా ఉద్యోగం పోయింది. మా టెస్టింగ్ టీం మొత్తాన్ని ఒక్క మెయిల్‌తోని పీకిండ్రు. మణికొండల కిరాయి రూముల కూసోని పరేషానయితుంటె ఆ ఆట కంపెనీ నుంచే ఫోనొచ్చింది. పటం కొత్త పుస్తకంల వేస్తరట, నాకు ఉద్యోగమిస్తరట. ఎగిరి గంతేసిన.

ఆ ఆఫీసుకు పోయిన. మేనేజరు పేరు భీమేశ్వరరావు. కాఫీ తెప్పిచ్చి మర్యాదగనే మాట్లాడిండు.

“మీరు గీసిన పటం అద్భుతమండి. చిన్న మార్పు చేయాలి. ఈ జారిన గుట్టలు, మింగిన బావులు తీసేయండి. గంభీరమైన పేర్లు మావాళ్లు పెడతారు.”

“గవి తీస్తే ఇంక మా పటమెట్లయితది సార్?”

“సీమ మాదండి. కోటలు, రాజ్యాలు, పేర్లు అన్నీ మావే. అడక్కుండా మీరు గీయడమే తప్పు. అయినా పెద్ద మనసుతో ఉద్యోగమిస్తున్నాం. ఇక్కడ సంతకం పెట్టండి.”

పెద్ద మనసంట! అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టున్నది. లేచి పోదామనుకున్న, గని కిరాయి యాదికొచ్చి తమాయించుకున్న. జర ఆగుండ్రని బయటికొచ్చి పెద్దన్నకు ఫోన్ చేసిన.

“పోనీలే శ్రీలతా, గుట్టదేముండాది? నువ్వు సంతకం పెట్టేయ్” అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. మొన్ననే వాని కొలువు గూడ పోయింది. బ్యాడ్జి గుంజుకోని గేటు బయట నిలవెట్టిండ్రు. ఆఫీసుల పేరు పోయె, ఇగ గుట్ట మీదికెల్లి గూడ పోవాల్నా? అది గూడ నా చేతులతోనా? థూ!

లోపలికి పోయి లాప్‌టాప్ తెరిచిన.

“సార్, మీయి మీరు తీస్కోండ్రి.”

ఆయన చూస్తుండంగనే తుడుసుడు మొదలువెట్టిన. ఏడు కోటలు తీసేసిన. రాజుల ఊర్లు తీసేసిన. పైన పెద్దపెద్ద అక్షరాల్ల ఉన్న సీమ పేరు తీసేసిన. నేను గీసిన వాగులు, దారులు, గుట్టలు అట్లనే ఉన్నయి, వాటి మీద మా పేర్లు.

“ఇదేంటండీ? మా సీమ ఏదీ?”

“మీ సీమ మీ పుస్తకంల ఉన్నది సార్. మేం సచ్చిన జాగలు మాయి.”

సంతకం పెట్టకుంటనే లేచిన. లిఫ్టు కాడ నిలవడి పటాన్ని మల్ల ఇంటర్నెట్ల పెట్టిన, కింద దిగేసరికి భ్రమరాంబ ఫోను.

“పటం చూసిన. మరి ఈ సీమకు పేరేంది?”

“ఇంకా పెట్టలే” అన్న. “ముందుగాల ఎవరన్న సావనియ్యి, పెడదం.”