ఉత్త కడ్డీ

నారే మోకాళ్లు అరవయ్యో మెట్టు దగ్గర మొరాయించాయి.

కొరియాలోని బుసాన్‌లో కొండవాలున వాళ్ల ఇల్లు. టాక్సీ ఆగే చోటి నుంచి నూట నలభై మెట్లు ఎక్కాలి. ఆరేళ్ల కూతురు దాన్బికి జ్వరమని బడి నుంచి కబురొస్తే, తను పనిచేసే పళ్ల డాక్టరు దగ్గర చెప్పి పరుగున వెళ్లి తీసుకొచ్చింది. పిల్ల వీపు మీదే నిద్రపోయింది. నిద్రపోయిన పిల్ల బరువు రెట్టింపవుతుంది. ఇంకో మెట్టు ఎక్కలేక నారే పిల్లతో సహా చతికిలబడింది.

పైనుంచి నీళ్ల డబ్బాతో దిగుతున్న ఒక ముసలావిడ ఆగింది. పొట్టి మనిషి, ఉంగరాల జుట్టు, పూలపూల పైజామా.

"ఇలా తే" అంటూ డబ్బా పక్కన పెట్టి, పిల్లను వీపున వేసుకుంది. ఎక్కడా ఆగలేదు, ఆయాసపడలేదు. గుమ్మంలో పిల్లను దించి, "నీకెన్నేళ్లమ్మా?" అంది.

"ముప్పై తొమ్మిది."

"నాకు డెబ్బై ఒకటి."

ఎత్తిపొడుపేం కాదు, ఊరికే చెప్పింది. అయినా నారే తలెత్తలేకపోయింది.

మర్నాటికి పిల్లకు జ్వరం తగ్గింది గాని తల్లికి ఆ సిగ్గు తగ్గలేదు. భర్త సంగ్‌మొక్ ఓడలో ఇంజినీరు, ఏడాదిలో ఎనిమిది నెలలు సముద్రం మీదే. అన్నం వండినా, గోడకు మేకు కొట్టినా తనే. ఆ ఇంట్లో కూలబడకూడని మనిషి తనొక్కతే. ఆ మనిషే కూలబడింది.

శనివారం బేరిపళ్లు పట్టుకుని, దాన్బిని వెంటబెట్టుకుని ఆవిడను వెతుక్కుంటూ వెళ్లింది. పేరు బొంగిమ్ అట. కొండ మీద నీటి ఊట దగ్గరుంటుందన్నారు. అక్కడ పైన్ చెట్ల కింద రేకుల పందిరి, తుప్పు పట్టిన ఇనప కడ్డీలు, బరువు బిళ్లలు. నలుగురైదుగురు ముసలివాళ్లు కబుర్లాడుకుంటూ వాటిని ఎత్తుతున్నారు.

"పళ్లు తెచ్చావా! ఈ బుట్ట కూడా ఎత్తి దించమంటావా?" అన్నాడొక తాత. అందరూ నవ్వారు.

బొంగిమ్ బేరిపండు కోసి దాన్బికి ముక్క పెట్టింది. "పదేళ్ల కిందట స్నానాలగదిలో జారిపడ్డాను. ఎముకేం విరగలేదు. లేవడానికి సత్తువ లేదంతే. మా అమ్మాయి వచ్చేదాకా మూడు గంటలు ఆ తడినేల మీదే ఉన్నా. ఆ వారమే ఇక్కడికొచ్చా."

"నాకు తీరికెక్కడిది బామ్మగారూ?"

"ఎవరిస్తారు తీరిక? దొంగిలించుకోవాలి. వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు. ఫోను చూస్తూ ఆ మాత్రం కూచోవూ?"

నారేకి రోషం వచ్చింది. వద్దంటున్నా వినకుండా కడ్డీకి బిళ్లలు తగిలించి పది సార్లు ఎత్తింది. తెల్లారేసరికి చేతులు పైకి లేవలేదు. పిల్లకు చొక్కా తొడగడానికి కూడా మూలిగింది. అంతే, రెండు వారాలు ఆ వైపు చూడలేదు.

కూరలబండి దగ్గర బొంగిమ్ పట్టుకుంది. "బతికే ఉన్నావా?"

"నా వల్ల కాదండీ."

"రోషంతో ఎత్తావు. రోషం ఒక్కరోజు పనికొస్తుంది. ఉత్త కడ్డీతో మొదలెట్టు. రాలేని రోజు ఇంట్లో బియ్యం సంచీ లేదూ, అదెత్తు. నడుం వంచకు. చేతుల్లో గిన్నెలున్నప్పుడు ఫ్రిజ్ తలుపు పిరుదుతో మూస్తావు చూడు, అలా వెనక్కి జరిగి కిందికెళ్లు."

అలా మొదలైంది. వారం మధ్యలో పది కిలోల బియ్యం సంచీ, శనివారం కొండ మీద ఉత్త కడ్డీ. దాన్బి లెక్కపెట్టేది. ఏడు తర్వాత తొమ్మిదనేది, ఒక్కోసారి మళ్లీ నాలుగుకు వచ్చేది. ఒక వారం పిల్లకు దగ్గు, ఇంకో వారం పళ్ల డాక్టరు దగ్గర ఆలస్యం. తప్పిన రోజుల్ని పోనిచ్చింది, మిగిలిన రోజుల్ని వదల్లేదు. కడ్డీకి ఒక చిన్న బిళ్ల చేరింది. నెల పోయాక మరొకటి.

శరదృతువులో సంగ్‌మొక్ ఇంటికొచ్చాడు. శనివారం పొద్దున బూట్లు తొడుక్కుంటున్న భార్యను చూసి నవ్వాడు. "వారమంతా చాకిరీ చేస్తావు, మళ్లీ ఇదెందుకు? హాయిగా పడుకో."

"పడుకుంటే అలసట పోవడం లేదు. నువ్వున్న రెండు నెలలూ మంగళవారం సాయంత్రం, శనివారం పొద్దున పిల్లను నువ్వు చూసుకోవాలి."

"నాతో ఉండదే! ఏడుస్తుంది."

"ఏడవనీ. నా దగ్గరా ఏడుస్తుంది."

పెళ్లయ్యాక తన కోసమంటూ అతన్ని ఏదైనా అడగడం అదే మొదలని మెట్లెక్కుతుంటే తట్టింది. ఇన్నాళ్లూ అతనేమీ కాదనలేదు. తనే అడగలేదు.

కొండ మీదికి చేరేలోపు ఫోను మూడుసార్లు మోగింది. మేజోళ్లెక్కడ, దగ్గుమందు ఎంత, గుడ్లు ఎన్ని నిమిషాలు ఉడకాలి. నాలుగోసారి మోగినప్పుడు తీయకుండా కోటు జేబులో పెట్టి కోటును కొమ్మకు తగిలించింది. కడ్డీ, బిళ్లలు కలిపి నలభై కిలోలు. అయిదు సార్లు ఎత్తి, చప్పుడు కాకుండా దించింది. బొంగిమ్ చూడనైనా లేదు, తాతతో కిమ్చీ పచ్చడిలో ఉప్పు గురించి వాదిస్తోంది.

ఇల్లు చేరేసరికి వంటింట్లో మాడువాసన. తండ్రీకూతుళ్లిద్దరూ ఒకే గిన్నెలోంచి తింటున్నారు. నారే చేతులు కడుక్కుని వాళ్ల పక్కన కూలబడింది.

"ఆకలేస్తోంది. నాకూ పెట్టు" అంది మొగుడితో.

అతను లేచి వేడన్నం వడ్డించాడు. చల్లారకముందే తినేసి మళ్లీ గిన్నె చాపింది.