ఆమెన్ అనేదాకా తొమ్మిది కాదు

తెల్లవారి అయిదింటికి అక్క వెనక తలుపు తాళం తీసిందంటే ఆ బడి భవనం ఒళ్ళు విరుచుకుని లేచేది. ఇరవై ఆరు గదులు, మూడు వరండాలు, రెండు మెట్ల వరసలు. ఇంకో బడిలో అయితే అయిదుగురు ఆపసోపాలు పడే పని. అక్క ఒక్కతే ఒక చేత్తో తడిగుడ్డ కర్ర, ఇంకో చేత్తో బకెట్టు పట్టుకుని, నోట్లో కీర్తన పెట్టుకుని ఏడింటికల్లా తేల్చేసేది. ఆమె తుడిచిన నేల మీద ఈగ వాలితే జారి పడేది. పడి, లేచి, సిగ్గుపడి ఎగిరిపోయేది. నమ్మనివాళ్ళు ఆ ఈగనే అడగొచ్చు.

దేశం కాని దేశంలో పదహారేళ్ళుగా అదే పని. హెడ్మాస్టరమ్మ దగ్గర్నుంచి మొన్న చేరిన పసివాళ్ళ దాకా అందరికీ ఆమె 'అక్క'. ఆ ఒక్క తెలుగు మాట బడి మొత్తానికి వచ్చు. అక్క వల్ల వాళ్ళకి వచ్చిన రెండో మాట 'స్తోత్రం'. మూడోది 'ఆమెన్'. ఆ మూడో మాటతోనే వచ్చింది చిక్కంతా.

ఎందుకంటే తొమ్మిదికి రెండు నిమిషాలుందనగా అక్క పెద్ద వరండాలో గోడ గడియారం కింద నిలబడి, తడి చేతులు కొంగుకి తుడుచుకుని, తల మీద ముసుగేసుకుని కళ్ళు మూసుకునేది. "ప్రేమగల తండ్రీ" అనగానే గడియారం ఆగేది. అదొక్కటే కాదు, గేటు లోపలున్న ప్రతి గడియారమూ, టీచర్ల చేతి వాచీలూ, వంటగదిలో అలారం డబ్బా, అన్నీ ఎక్కడివక్కడ ఆగేవి. మనుషులు మాత్రం తిరుగుతుండేవాళ్ళు. కూర ఉడుకుతుండేది. ఒకసారి వంట మాస్టారు ఉల్లిపాయలు తరగడం మర్చిపోతే, "అక్కా, మీ వాళ్ళందరి క్షేమం కాస్త గట్టిగా అడుగు" అని కేకేసి, ఒక బస్తా తరిగి, వేయించి, గిన్నెలు తోమి బయటికొచ్చాడు. అప్పటికీ తొమ్మిదికి రెండు నిమిషాలే. ఆ బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడు చరిత్రలో లేడు. దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవాళ్ళు కూడా కాదు. కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి, అక్క ప్రార్థిస్తే గంట ఆగుతుంది, అంతే.

కాకపోతే ఆ ప్రార్థనకి రెండు నియమాలున్నాయి. ఒకటి, చెప్పిన మనిషినే మళ్ళీ చెబితే గడియారం ముల్లు కదలబోతూ వణికేది. ప్రతి మనిషినీ వాళ్ళ వాళ్ళ అవసరంతో సహా కొత్తగా దేవుడి ముందు పెట్టాలి. రెండు, ఎవరి నోట 'ఆమెన్' వచ్చినా సరే, ప్రార్థన ముగిసినట్టే. అక్క ఊపిరి తీసుకోవడానికి ఆగిందంటే చాలు, పిల్లలంతా గొంతు కలిపి "ఆమెన్" అని అరిచేవాళ్ళు. వాళ్ళకి అదొక ఆట.

ఆ శనివారం పరీక్ష. పెద్ద చదువులకి పైసా లేకుండా సీటిచ్చే పరీక్ష అది. మనిషికి ఒక్కసారే రాయనిస్తారు. తొమ్మిది కొట్టగానే తలుపు వేసేస్తారు. తర్వాత దేశాన్నేలే మంత్రి వచ్చి తట్టినా తీయరు. నలభై ఒక్క మంది రాయాలి. నలభై మంది పెద్ద వరండా పక్క గదిలో కూర్చున్నారు. నలభై ఒకటో కుర్చీ లెక్కల పిల్లది.

లెక్కల పిల్ల కిటికీ అద్దాలు తుడిచేవాడి కూతురు. అక్క తుడిచిన తడి నేల మీద వేలితో లెక్కలు చేసేది. నేల ఆరేలోపు జవాబు రావాలని పందెం. ఎండాకాలంలో కూడా ఓడిపోలేదంటే చూసుకోండి! ఒకసారి మూడు వరండాల పొడుగునా ఒకే లెక్క చేసింది. అక్క దాన్ని తొక్కకుండా గోడ వారగా నడిచింది. ఈ పరీక్ష తప్పితే సోమవారం నుంచి ఆ పిల్ల ఇస్త్రీ దుకాణంలో పనికి చేరాలి. తండ్రి మాటిచ్చేశాడు. దుకాణం వాళ్ళు కొలతలు తీసుకుని నీలం కోటు కూడా కుట్టించేశారు.

తొమ్మిదికి మూడు నిమిషాలుందనగా ఆఫీసులో ఫోన్ మోగింది. బస్సు డ్రైవరు.

"వంతెన మీద లారీ అడ్డంగా పడిందమ్మా! బస్సు ఇటూ కదలదు, అటూ కదలదు. పిల్ల దిగి పరుగు లంకించుకుంది!"

"ఎంత దూరం?" అంది హెడ్మాస్టరమ్మ.

"ఆరు కిలోమీటర్లు. వాన కూడా అందుకుంది."

హెడ్మాస్టరమ్మ ఫోన్ పెట్టేసి పరుగున వరండాలోకి వచ్చింది. ఆవిడ పరుగెత్తడం బడి పుట్టాక అదే మొదటిసారి. వంట మాస్టారు గరిటెతో సహా వచ్చాడు. అక్క అప్పటికే ముసుగు సర్దుకుంటోంది.

"ఆరు కిలోమీటర్లక్కా! ప్రార్థనకి ఎంతమంది ఉన్నారు నీ దగ్గర?" అన్నాడు వంట మాస్టారు.

"నువ్వు ముందు వెళ్ళి ఆ తలుపు దగ్గర నిలబడు తమ్ముడూ. లోపల ఒక్కడు ఆమెన్ అన్నాడో, వాడి నోట్లో ఆ గరిటె పెట్టు."

"ప్రేమగల తండ్రీ, కృపగల దేవా, ఈ ఉదయకాలమందు నీ సన్నిధిలో..."

టక్కున ఆగాయి గడియారాలు. పరీక్ష పెట్టడానికి వచ్చిన అధికారి తన వాచీని ఒకసారి దులిపి, చెవి దగ్గర పెట్టుకుని, గోడ వైపు చూశాడు.

"అంటే ఆవిడ ముగించేదాకా తొమ్మిది కాదన్నమాట," అన్నాడు.

"కాదండీ," అంది హెడ్మాస్టరమ్మ.

"అయితే నాకో కుర్చీ వేయించండి."

అక్క మొదలుపెట్టింది చూడండి! ముందు సొంత ఊరి సంఘం. పాస్టరు గారి మోకాళ్ళు, పాస్టరమ్మ గారి బీపీ. కానుకల పెట్టె పట్టుకునే తాత చెవుడు, డోలక్ వాయించే అబ్బాయి పెళ్ళి సంబంధం. విధవరాళ్ళ వరస ఒక్కొక్కరినీ ఇంటి గుమ్మం గుర్తుతో సహా చెప్పింది. తర్వాత ఈ దేశం. తను ఎక్కే బస్సులో టికెట్లు కొట్టే ఆవిడ, తన గది కింద ఉండే ముసలి దర్జీ, ఆయన పిల్లి. పిల్లికి చెవి దగ్గర పుండు. అదీ వదల్లేదు. నలభై మంది పిల్లల్ని పేరు పేరునా, ఎవరికి ఏ పాఠం రాదో దానితో సహా చెబుతుంటే లోపల కొందరి మొహాలు ఎర్రబడ్డాయి. పరీక్ష అధికారిని కూడా పెట్టింది. ఆయన నడుం పట్టేసి ఉందని ఆయన భార్యకే తెలియదు, అక్కకి నడక చూసి తెలిసింది. "స్తోత్రం" అన్నాడాయన, తనకి తెలియకుండానే.

నాలుగు వందల పన్నెండు మంది! వంట మాస్టారు వేళ్ళ మీద లెక్కపెట్టి, వేళ్ళు చాలక తలుపు మేకులు లెక్కపెట్టాడు. భూమ్మీద ఏ బిషపు గారూ ఒక్క గుక్కలో అంతమందిని మోసి ఉండరు. వాన హోరు పెరిగింది. గేటు వైపు ఎవరూ రాలేదు.

అక్క గొంతు తగ్గింది. "ప్రభువా... పాస్టరు గారి మోకాళ్ళు..." అంది. ముల్లు వణికింది.

"అది అయిపోయిందక్కా!" అన్నాడు వంట మాస్టారు గాభరాగా. "కొత్తవాళ్ళు, కొత్తవాళ్ళు!"

"లేరురా."

"మీ ఊళ్ళోనూ, పదహారేళ్ళుగా ఇక్కడా కలిపి ఎవరూ మిగల్లేదా?"

ఒకరు మిగిలారు. అక్క చెల్లెలు.

పదకొండేళ్ళ కిందట వాళ్ళమ్మ చనిపోయినప్పుడు అక్క రెండు విమానాలు మారి, టాక్సీలో సమాధుల తోటకి వెళ్ళేసరికి పెట్టె మూత వేసేసి ఉంది. చెల్లెలే వేయించింది. "ఎండలో అమ్మని ఇంకెంతసేపు ఉంచమంటావే?" అని చెల్లెలు. "అరగంట ఆగలేకపోయావా?" అని అక్క. అంతే, ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. ఊరు ఊరంతా ప్రార్థనలోకి వచ్చేది గాని, ఆ ఒక్క మనిషి దగ్గరికొచ్చేసరికి అక్క దాటేసి పక్కింటివాళ్ళని అందుకునేది. దేవుడికి కూడా అలవాటైపోయి ఉంటుంది.

వరండా నిశ్శబ్దమైపోయింది. అంత నిశ్శబ్దం వింటే పిల్లలకి ఒకటే అర్థం. నలభై మంది ఒక్కసారిగా గుండెల నిండా గాలి పీల్చారు, నలభై నోళ్ళు తెరుచుకున్నాయి. వంట మాస్టారు గరిటె పైకెత్తాడు. హెడ్మాస్టరమ్మ రెండు చేతులూ చాచి గాలిలో ఆపింది. మొదటి బెంచీ కుర్రాడు అప్పటికే "ఆ..." అన్నాడు.

"నా చెల్లెలు," అంది అక్క.

కుర్రాడు నోరు మూశాడు. ముల్లు కుదురుగా నిలబడింది.

"నా చెల్లెలు తండ్రీ. దానికి చిన్నప్పట్నించీ ఎండ పడదు. ఆ రోజు పొద్దున్నుంచీ ఎండలో నిలబడే ఉంది. అమ్మ పెట్టెకి గొడుగు పట్టింది గాని తనకి పట్టుకోలేదు. నేను చూశాను. చూసి కూడా ఆ మాట అన్నాను..."

ఇక చూడండి, గట్టు తెగినట్టే! చెల్లెలి జడ దగ్గర్నుంచి మొదలైంది. ఇద్దరూ ఒకే దుప్పటి కోసం చేసిన యుద్ధాలు, చెల్లెలికి వచ్చిన టైఫాయిడు, అక్క విమానమెక్కే రోజు చెల్లెలు సంచిలో దాచి పెట్టిన పాటల పుస్తకం, దాని పిల్లలు, అక్క ఇంతవరకూ చూడని ఆ పిల్లల మొహాలు. ఒక్క మాట రెండోసారి రాలేదు. పదకొండేళ్ళ సరుకు మరి! ఒక్క మనిషి నాలుగు వందల పన్నెండు మందిని మించిపోయింది. పరీక్ష అధికారి కళ్ళజోడు మూడుసార్లు తుడుచుకున్నాడు. లోపల ఏడవని పిల్లాడు లేడు. హెడ్మాస్టరమ్మ గోడ వైపు తిరిగి, తన అన్నయ్య ఇంటి నంబరు గుర్తు చేసుకోవడానికి ప్రయత్నిస్తోంది.

అప్పుడు గేటు కిర్రుమంది. ఒక చెప్పు చేతిలో, ఒక చెప్పు ఎక్కడో, జడలోంచి నీళ్ళు కారుతూ లెక్కల పిల్ల వచ్చిపడింది. అంతా తలుపు వైపు చేతులు ఊపారు. ఆ పిల్ల అక్క పక్కనుంచి జారుకుంటూ పోయి, నలభై ఒకటో కుర్చీలో కూలబడింది. అక్క కళ్ళు తెరవలేదు. ఆమెకి ఇప్పుడు పరీక్ష గుర్తులేదు.

"నువ్వే అనమ్మా," అని వంట మాస్టారు గుసగుసగా అన్నాడు.

"ఆమెన్," అంది పిల్ల, రొప్పుతూ.

గడియారాలన్నీ ఒక్కసారి కదిలాయి. రెండు నిమిషాలు గడిచాయి. తొమ్మిది కొట్టింది. పరీక్ష అధికారి నడుం పట్టుకుని లేచి తలుపు వేశాడు.

గడియారాలు కదులుతున్నా బయట అక్క ఇంకా మాట్లాడుతూనే ఉంది. చాలాసేపటికి ముసుగు తీసి, వంట మాస్టారు వైపు చెయ్యి చాపింది.

"ఫోన్ ఇవ్వు తమ్ముడూ."

"విదేశానికి చేస్తే డబ్బులవుతాయక్కా."

"ఇవ్వరా వెధవా!"

ఇచ్చాడు. అక్క దాన్ని పట్టుకుని వెనక మెట్ల మీదికి వెళ్ళింది.

లోపల లెక్కల పిల్ల తడి వేళ్ళు గౌనుకి తుడుచుకుని మొదటి పేజీ తిప్పింది. పరీక్ష అధికారి తన నివేదిక కాగితం తీసి, ఒక్కో గడీ నింపుకుంటూ కిందికి వచ్చాడు. 'ఆలస్యంగా వచ్చినవారు' అనే గడి దగ్గర కలం ఆపి, వాచీ చూసుకుని, గోడ గడియారం చూసి, నేల మీద తలుపు నుంచి నలభై ఒకటో కుర్చీ దాకా పడిన తడి పాదాల గుర్తులు చూశాడు. 'ఎవరూ లేరు' అని రాసి, కింద సంతకం పెట్టాడు.