పదకొండు సెంటీమీటర్లు

ఆ ఇంట్లో ఎవరి ఫారమైనా ఆమే నింపాలి. "చదువుకున్న చెయ్యి, నువ్వే రాయి" అంటాడు భర్త, అదేదో బిరుదు ఇచ్చినట్టు. పుట్టింట్లో డిగ్రీ దాకా వెళ్లిన మొదటి మనిషి ఆమే. ఆ డిగ్రీ ఇప్పుడు అత్తగారి మోకాళ్లకీ, మామగారి కళ్లకీ, భర్త బీపీకీ ఫారాలు నింపడానికి పనికొస్తోంది. అల్మరాలో ముగ్గురికీ తలా ఒక ఫైలు. ఆమెకి ఫైలు లేదు. ఎడమ భుజం వెనక గడ్డ మాత్రం ఉంది.

ఆరేళ్ల కిందట అది శనగగింజంత. నిమ్మకాయంత అయినప్పుడు చూపిస్తే భర్త వేలితో ఒక్కసారి నొక్కి, "కొవ్వు. తిండి తగ్గించు" అన్నాడు. నారింజను మించిపోయాక, "మా ఆవిడకి మూపురం మొలిచింది" అని నలుగురిలో నవ్వాడు. నలుగురితో పాటు ఆమె కూడా నవ్వింది. ఎందుకు నవ్విందో ఇంటికొచ్చి ఎంత ఆలోచించినా తేలలేదు. "ఆడదాని ఒంట్లో సవాలక్ష ఉంటాయి, అన్నీ బయటపెట్టుకుంటామా" అంది అత్తగారు. అప్పట్నుంచీ బట్టలు వదులుగా కుట్టించుకోవడం, సంచీ కుడి భుజానికే తగిలించుకోవడం, పక్కకి తిరిగి పడుకోవడం.

సోమవారం అత్తగారి మోకాలి ఎక్స్‌రే కోసం వెళ్లారు. ఆవిణ్ని చక్రాల కుర్చీలోంచి లేపుతుంటే ఎముకల డాక్టరమ్మ కంట పడింది ఆ గడ్డ. అత్తగారిని ఎక్స్‌రే గదిలోకి పంపేశాక అంది: "పెద్దావిడ సంగతి నేను చూస్తాను. ముందు మీరు వెళ్లి స్కాన్ చేయించుకోండి." ఆమె కంగారు కంగారుగా ఇంకో ఫారం నింపి ఇచ్చింది.

స్కాన్ గదిలో బోర్లా పడుకుంది. వీపు మీద చల్లటి జెల్లు. స్కాన్ డాక్టరమ్మ తెర ఇటు తిప్పింది. "చూశారా, నున్నటి గోడ ఉన్న సంచి. లోపల రక్తం పారడం లేదు, మంచిదే. చర్మం రాల్చాల్సిన పొట్టు అంతా లోపలే పేరుకుపోయింది. మామూలుగా గోలీ అంత ఉంటాయి ఇవి. మీది పదకొండు సెంటీమీటర్లు! కండలోకి దిగిందేమో ఎమ్మారైలో చూద్దాం." ఎమ్మారై సొరంగంలో ధడధడ చప్పుళ్ల మధ్య అరగంట కదలకుండా పడుకోమన్నారు. పెళ్లయ్యాక పట్టపగలు అంతసేపు పడుకోవడం అదే మొదలు. ఆమె హాయిగా ఓ కునుకు తీసింది.

"కండ జోలికి పోలేదు. తీసేస్తే సరి. కానీ ఇంకా నానబెడితే చీము పట్టొచ్చు" అని పంపించారు.

ఫారాల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ భర్తదే. సాయంత్రం టీ అందిస్తుంటే ఆయన ఫోన్‌కి రిపోర్టు వచ్చింది. చదువుతూ చదువుతూనే ఆయన ముఖం పాలిపోయింది.

"అమ్మా! నీ వీపు మీద పదకొండు సెంటీమీటర్ల గడ్డంట!"

ఆమెకి అప్పుడు వెలిగింది. రెండో ఫారంలోనూ చేతికి అలవాటైన అత్తగారి పేరే రాసేసింది, వయసుతో సహా. లోపలికి పిలిచినప్పుడు లేచిందీ తనే. ఆ పేరు పిలిస్తే ఎప్పుడూ లేచేది తనే కదా. బోర్లా పడుకున్న వీపుని చూసి వయసు ఎవరు చెప్తారు?

నిజం చెప్పబోయింది. అంతలో అత్తగారు, "అవున్రా, నిన్నట్నుంచీ వెనకాల బరువుగానే ఉంది" అంది.

ఆమె కుర్చీ లాక్కుని, తన టీ తను వేడిగా ఉండగానే తాగడం మొదలుపెట్టింది.

కప్పు సగమయ్యేసరికి భర్త సర్జన్‌కి ఫోన్ చేసి శుక్రవారం పొద్దున ఆపరేషన్ ఖాయం చేశాడు. నాలుగు రోజులు సెలవు అడిగాడు. వంట చూసుకోవడానికి గురువారమే దిగిపోతానంది ఆడపడుచు. మామగారైతే జన్మలో మొదటిసారి లేచెళ్లి, దిండు తెచ్చి భార్య వెనక పెట్టారు. ఆరేళ్లలో కానివన్నీ ఒక్క కప్పు టీలో అయిపోయాయి.

ఆమె కప్పు కింద పెట్టింది. "ఆ గడ్డ అత్తయ్యది కాదు. నాది. ఫారంలో పేరు తప్పు రాశాను."

"హమ్మయ్య! నీదా?" అనేశాడు భర్త.

ఆయన మాట ఆయనకే వినబడ్డట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి. "అంటే... నీకైతే కాస్త నిదానంగా చూసుకోవచ్చని..."

"ఒరేయ్," అంది అత్తగారు, వీపు తడుముకుంటూ. "నాకైతే శుక్రవారం, దానికైతే నిదానమా? లేని గడ్డ పావుగంట మోసేసరికే నాకు నడుం విరిగింది. అది ఆరేళ్లు మోసింది. నేనూ నోరు మూయించినదాన్నే, సిగ్గులేకపోతే సరి."

ఆమె లేచి అల్మరా తెరిచింది. కొత్త ఫైలూ, ఆసుపత్రిలో చేరే ఖాళీ ఫారమూ తెచ్చి భర్త ముందు పెట్టి, చేతికి పెన్నిచ్చింది.

"రేపు నేనే వెళ్లి రిపోర్టులో పేరు మార్పించుకొస్తాను. శుక్రవారం అలాగే ఉండనివ్వండి, మీ సెలవు కూడా. రాయండి."

"నేనా?"

"రోగి అన్నచోట నా పేరు. తోడు అన్నచోట మీది. ఫోన్ నంబరు నాది."

ఆయన వొంగి, బడిపిల్లాడిలా ఒక్కో అక్షరం దిద్దుతూ మూడు గళ్లు నింపాడు. నాలుగో గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. తలెత్తాడు.

"నీ పుట్టినతేదీ ఎంత?"

ఆమె రెండో కప్పు టీ పోసుకుని, నింపాదిగా కూర్చుంది.

"ఆలోచించండి. శుక్రవారం దాకా టైముంది."