జానెడు ఎక్కువ

చలికాలమంతా వెండెల్ షెడ్డులోనే గడిపాడు. పాత ట్రక్కును ఎత్తు పెంచడానికి దాని కమాన్ కట్టల దగ్గర ఇనుప దిమ్మెలు బిగించి, నడుమెత్తు టైర్లు తొడిగాడు. మంచు కరిగాక బండిని ఎండలోకి తెచ్చి, రెండడుగులు వెనక్కి వేసి, నోరు తెరుచుకుని చూశాడు. తను చేసిందేనా ఇది! మోకాళ్ల మీంచి అప్పుడే లేచి నిలబడ్డ ఏనుగులా ఉంది.

"ఎక్కాలంటే నిచ్చెన కావాలేమోనయ్యా," అంది భార్య మార్లిస్.

"రాళ్ల మీద చూద్దువుగాని దీని తడాఖా," అన్నాడు వెండెల్.

శనివారం ఎర్ర కొండలకు బయల్దేరారు. ట్రక్కులో వెండెల్, పక్కన బావమరిది ఆరిన్. వెనక చిన్న కారులో గుడారం, తిండి సామాను వేసుకుని మార్లిస్. ఊరు దాటీ దాటగానే షెరీఫ్ పోలీసు బండి ఎదురొచ్చి ఆపింది. అందులోంచి దిగిన డెప్యూటీ లొరెట్టా బెగే వెండెల్‌తో కలిసి బడిలో చదువుకున్నదే.

"దిగు మహానుభావా," అంటూ టేపు తీసి కొలిచింది. "ముందు బంపర్ ఉండాల్సిన దానికన్నా జానెడు ఎక్కువ ఎత్తుంది."

"రాళ్లెక్కాలి కదా లొరెట్టా, బండి అడుగు తగలకూడదు."

"రాళ్ల మీద మేడంత చేసుకో, నేనడగను. రోడ్డెక్కితే మాత్రం లెక్కుంది. గుద్దుకుంటే బంపర్‌కి బంపర్ తగలాలి. నీది పోయి తలకాయలకి తగులుతుంది."

"గుద్దుతానని నేనన్నానా?"

"చెప్పి గుద్దేవాడు ఎవడు? నేరుగా ఇంటికి పోయి దించు. దించాక నాకు చూపించు."

వెండెల్‌కు ఒళ్లు మండిపోయింది. తాళాలు ఆరిన్ చేతిలో పడేసి, వెళ్లి భార్య పక్కన కూర్చున్నాడు. "చలికాలమంతా పడ్డ కష్టం ఒక్క టేపు ముక్కతో పాయె," అని ఇంటిదారి పొడుగునా గొణుగుతూనే ఉన్నాడు. మార్లిస్ కారు ముందు, ట్రక్కు వెనక.

పెట్రోలు బంకు దగ్గర ఎర్ర లైటు పడి ఆగారు. ఉన్నట్టుండి కారులో వెలుగు తగ్గింది. వెండెల్ వెనక్కి తిరిగాడు. వెనక అద్దంలో ఆకాశం లేదు, రోడ్డు లేదు. అద్దం నిండా ఇనుము. ట్రక్కు మెల్లగా ముందుకు జరుగుతోంది. దాని బంపర్ కారు డిక్కీ మీదుగా, ఎక్కడా తగలకుండా, పడగలా వచ్చేస్తోంది.

"మార్లిస్, హారన్!"

ఆమె రెండు చేతులతో నొక్కింది. అద్దానికి బెత్తెడు దూరంలో ట్రక్కు ఆగింది. ఆరిన్ దూకేసి పరుగెత్తుకొచ్చాడు.

"బావా, ఒట్టు! మీరు ముందున్నారని కనబడనే లేదు. రోడ్డు ఖాళీ అనుకున్నా!"

వెండెల్ కారు దిగి, ఆ ఇనుము కింద నిలబడ్డాడు. పొద్దున తనే తుడిచిన బంపర్. అద్దంలోంచి చూస్తే అది సరిగ్గా మార్లిస్ మెడకు ఎదురుగా ఉంది, ఆమె జడ మొదలు దగ్గర. తన చేతులతో ఇంత పెద్దదాన్ని ఎత్తి నిలబెట్టాడా? కొండ అంచు కింద నిలబడ్డవాడిలా తలెత్తి చూస్తూ ఉండిపోయాడు. లైటు పచ్చగా మారినా కదల్లేదు. వెనకవాళ్లెవరూ హారన్ కొట్టలేదు.

"ఎక్కవయ్యా," అంది మార్లిస్.

ఆ సాయంత్రమే దిమ్మెలు ఊడదీసి, చిన్న టైర్లు వేశాడు. లొరెట్టా వచ్చి కొలిచి తలూపింది. "నొచ్చుకున్నావా?" అని అడిగింది.

"లేదు. నువ్వు చెప్పినప్పుడు బుర్రకెక్కలేదు. దాని కింద నిలబడ్డాక ఎక్కింది."

మరుసటి వారం ముగ్గురూ మళ్లీ కొండలకు వెళ్లారు. కింది రాళ్లను ట్రక్కు గీసుకుంటూ, మూలుగుతూ ఎక్కింది కానీ, చివరి నిట్టనిలువు రాతి దగ్గర మొరాయించింది. బండి వదిలేసి, చేతులూ కాళ్లూ ఉపయోగించి పాకి పైకి వెళ్లారు.

పైన నేల అయిపోయింది. కళ్లు ఆనినంత మేర ఎర్రటి గోడలు పొరలు పొరలుగా కిందికి దిగిపోతున్నాయి. అట్టడుగున నది, పారేసుకున్న దారపు పోగులా. ఒక గద్ద వాళ్ల కాళ్ల కన్నా చాలా కింద ఎగురుతోంది. వెండెల్ టోపీ తీశాడు. మార్లిస్ అతని మోచేయి పట్టుకుంది.

ఆరిన్ ఏదో జోకు వేయబోయి, మానేసి, రాతి మీద కూర్చున్నాడు.